పిల్లికి ఇంట్లో సెలైన్ ఎక్కించాక చర్మం కింద వచ్చే ఉబ్బు ప్రమాదమా?

కాదు, ఆ మెత్తటి ఉబ్బు మీరు ఎక్కించిన సెలైనే. సాధారణంగా కొన్ని గంటల్లో, ఎక్కువలో ఎక్కువ మర్నాటికి తగ్గిపోతుంది.

ఇక్కడ సూది నరంలోకి కాదు, భుజాల మధ్య వదులుగా ఉండే చర్మం కిందికి వెళ్తుంది. ద్రవం అక్కడే నిలిచి, చిన్న రక్తనాళాల ద్వారా మెల్లగా ఒంట్లోకి ఇంకుతుంది. కిడ్నీ జబ్బున్న పిల్లులకు ఎక్కువగా ఇదే పద్ధతి. పర్లాకిమిడిలో 4 కిలోల పిల్లికి డాక్టర్ చెప్పినట్టు రాత్రి 100 మి.లీ. ఎక్కించారనుకోండి; ఉబ్బు ముందు కాలి వైపో పొట్ట కిందికో జారవచ్చు. బరువుకి దిగడమే అది, టెన్షన్ అక్కర్లేదు. మర్నాటికీ తగ్గకపోయినా, ఎర్రగా వేడిగా ఉన్నా, పిల్లి ఆయాసపడుతున్నా మాత్రం ఇంకో డోసు ఇవ్వకుండా డాక్టర్‌కి చూపించాలి.

చాలామంది పొరబడేది సీసా దగ్గర. నీరసానికి గ్లూకోజే మంచిదని మెడికల్ షాపులో 5 శాతం డెక్స్‌ట్రోజ్ కొంటారు. చర్మం కింద అది ఒంట్లోని ఉప్పునే తనవైపు లాగేసి, పిల్లిని ఇంకా నీరసపరచవచ్చు. మామూలుగా వాడేది రింగర్ లాక్టేట్ అనే, ఒంటికి కావాల్సిన ఉప్పులు కలిసిన సెలైన్. ఏది, ఎంత అన్నది డాక్టర్ రాసివ్వాల్సిందే, గుండె జబ్బున్న పిల్లికైతే మరీను.