బయట బాత్రూమ్ అంటే భయపడే మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

కొత్త ఉద్యోగంలో ఎక్కువగా ప్రయాణాలేనని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అందుకు నాకేం బెంగ లేదు, నువ్వు ఎక్కడికైనా వెళ్లి పని చక్కబెట్టుకుని రాగలవు. కానీ బయట బాత్రూమ్‌లు వాడాల్సి వస్తుందని పొద్దున బయల్దేరినప్పటి నుంచి రాత్రి బస చేరేదాకా గుక్కెడు నీళ్లు కూడా తాగడం లేదట. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు మనసు మనసులో లేదు. ఏళ్ల తరబడి ఆసుపత్రి వార్డుల్లో నర్సుగా పనిచేసినదాన్ని, ఈ భయం ఎక్కడికి దారితీస్తుందో నాకు తెలుసు. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక తీరిగ్గా రాస్తున్నాను.

బాత్రూమ్ శుభ్రత సంగతి తర్వాత చూద్దాం, ముందు నీళ్లు తాగు. మూత్రసంచిలోకి చేరిన బ్యాక్టీరియాను బయటికి తోసేసేది మూత్రమే. నీళ్లు తాగకపోతే అది కొద్దిగా, చిక్కగా తయారవుతుంది. ఆ కొద్దిదాన్ని కూడా గంటల తరబడి ఆపుకుంటే లోపలి క్రిములు పెరగడానికి కావలసినంత సమయం దొరుకుతుంది. ఆడవాళ్లకి మూత్రనాళం పొడవు సుమారు 4 సెంటీమీటర్లే, మగవాళ్లకి 20 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. పైగా మనకి అది మలద్వారానికి దగ్గర. మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి ఎక్కువగా కారణమయ్యేది ఇ.కోలై (E. coli) అనే బ్యాక్టీరియా, అది మన పేగుల్లోనే ఉంటుంది. అంటే చాలాసార్లు ఈ ఇన్ఫెక్షన్ ఎవరో కూర్చున్న సీటు మీద నుంచి రాదు, మన ఒంట్లోని క్రిమే చోటు మారుతుంది. దాన్ని తప్పించుకోవాలని నువ్వు చేస్తున్న ఉపవాసమే దానికి దారి వేస్తోంది. తలనొప్పి, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు కూడా నీళ్లు తక్కువ తాగేవాళ్లనే ఎక్కువగా పట్టుకుంటాయి. మూత్రం లేత పసుపు రంగులో ఉండేలా తాగు. మూడు నాలుగు గంటలకోసారైనా వెళ్లు. ఎవరి ఆఫీసుకైనా పని మీద వెళ్తే, పని మొదలుపెట్టే ముందే వాష్‌రూమ్ ఎక్కడని అడిగెయ్. మంచినీళ్లు అడగడానికి మొహమాటపడం కదా, దీనికెందుకు పడాలి?

ఇక సీటు. అందరి భయమూ దాని మీదే. సుఖవ్యాధులు దాని నుంచి అంటుకుంటాయని ఇప్పటికీ చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. గనోరియా, క్లమీడియా లాంటి వాటి క్రిములు మనిషి ఒంటి బయట ఎక్కువసేపు బతకలేవు, సీటు మీద కూర్చున్నంత మాత్రాన అంటుకోవు. తొడల వెనక చర్మం గాయం లేకుండా ఉంటే అదే మంచి కవచం. కాబట్టి సీటు తడిగానో మురికిగానో కనిపిస్తే టిష్యూతో తుడువు, ఆ టిష్యూ చెత్తబుట్టలో పడెయ్, కూర్చో. ఒకవేళ తొడ మీద పుండో గీతో ఉంటే ముందే దాని మీద ప్లాస్టర్ వేసుకో. కాగితం కవర్లు అమ్ముతారు, అవి పరుచుకుంటే మనసుకి ధైర్యంగా ఉంటుందంటే కొనుక్కో, నాకు అభ్యంతరం లేదు. స్ప్రేలు కొట్టుకునేవాళ్లూ ఉన్నారు. ఆ స్ప్రే పనిచేయాలంటే సీసా మీద రాసినంతసేపు సీటు తడిగా ఉండాలి. కొట్టి వెంటనే తుడిచేస్తే మిగిలేది వాసనే.

సీటుకి తగలకుండా గాల్లో వంగి పని కానిచ్చే అలవాటు మాత్రం నీకుంటే ఈ రోజే మానెయ్. అలా నిలబడితే కటి కండరాలు బిగుసుకుని ఉంటాయి. అవి వదులైతేనే మూత్రసంచి పూర్తిగా ఖాళీ అవుతుంది. సగం లోపలే మిగిలిపోతే మళ్లీ మొదట చెప్పిన కథే. పైగా చుక్కలు సీటు మీద పడతాయి, తర్వాత వచ్చే ఆవిడ అది చూసి తనూ వంగే నిలబడుతుంది. కింద కూర్చునే టాయిలెట్ దొరికితే అసలు ఒంటికి ఏదీ తగలదు, నన్నడిగితే ప్రయాణంలో అదే మేలు. బట్టల అంచులు నేలకి తగలకుండా పైకి దోపుకో. నేల తడిగా ఉంటే గబగబా అడుగులు వెయ్యకు. కాలిని పూర్తిగా కప్పే, జారని చెప్పులు వేసుకో.

మరి అసలు ప్రమాదం ఎక్కడుందంటే, నీ చేతుల్లో. వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిములు ఎక్కువగా మలంలోంచి చేతికి, చేతిలోంచి నోటికి చేరతాయి. తలుపు గడియ, ఫ్లష్ మీట, కొళాయి, మగ్గు పిడి, ఇవన్నీ చేతులు కడగకముందే ముట్టుకునేవి. నోరోవైరస్ అని ఒకటుంది. వందలోపు కణాలు నోట్లోకి వెళ్లినా మనిషిని మంచాన పడేయగలదు. షిగెల్లా అనే రక్తవిరేచనాల బ్యాక్టీరియా కూడా అంతే, అతి తక్కువ చాలు. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ ఏ వచ్చేదీ ఈ దారినే. నువ్వు సీటు మీద ఆరు పొరల కాగితం పరిచి, బయటికొచ్చి నాలుగు చుక్కల నీళ్లతో వేళ్లు తడుపుకుని ఏదైనా తిన్నావంటే, వాకిలి మూసి పెరటి తలుపు తీసి పెట్టినట్టే.

చేతుల మాట వచ్చినప్పుడల్లా మేము నర్సింగ్ చదివే రోజుల్లో తెలుసుకున్న సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు గుర్తొస్తాడు. 1847లో వియన్నా ఆసుపత్రిలో బాలింతలు జ్వరంతో చనిపోతుంటే, శవపరీక్ష గదిలోంచి నేరుగా కాన్పులు చేయడానికి వచ్చే డాక్టర్ల చేతులే కారణమని ఆయన పసిగట్టాడు. క్లోరిన్ కలిపిన నీళ్లతో చేతులు కడగమని పట్టుబట్టాడు. ఏప్రిల్‌లో 18 శాతం దాకా ఉన్న చావులు జూన్‌కల్లా 2 శాతం దగ్గరికి దిగిపోయాయి. అప్పటికి క్రిముల సిద్ధాంతమే స్థిరపడలేదు. తోటి డాక్టర్లు చాలామంది ఆయన మాట ఒప్పుకోలేదు. ఎంతమంది తల్లులు బతికేవారో అనుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవినట్టుంటుంది.

అందుకని చేతులు కడుక్కోవడం దగ్గర మాత్రం తొందరపడకు. సబ్బు రాసి కనీసం 20 సెకన్లు రుద్దాలి. చల్లటి నీళ్లయినా ఫర్వాలేదు, వేడి నీళ్లు అక్కర్లేదు. అరచేతులు అందరూ రుద్దుతారు. బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కొసలు వదిలేస్తారు. మా వార్డులో కొత్తగా చేరిన పిల్లలకి నేను మొదట చూపించింది బొటనవేలే. దాన్ని రెండో చేత్తో పట్టుకుని తిప్పుతూ రుద్దాలి. గోళ్లు కత్తిరించుకుని ఉంచు. కడిగాక తడి ఆరేదాకా ఆగు. తడి చేతులు పొడి చేతుల కంటే చాలా ఎక్కువగా క్రిముల్ని అంటించుకుంటాయి, అంటిస్తాయి కూడా. చాలామంది కడుగుతారు, ఆరబెట్టరు. కాగితం తువ్వాలు ఉంటే అన్నిటికంటే మంచిది. దాంతోనే కొళాయి కట్టేసి, దాంతోనే తలుపు తీసి, బయటికొచ్చాక పడెయ్. అది లేకపోతే చేతులకి మాత్రమే వాడే రుమాలు ఒకటి వేరుగా పెట్టుకో, రోజూ ఉతుకు. దాంతో ముఖం తుడుచుకోకు.

శానిటైజర్ ఉంది కదా అంటావేమో. సబ్బూ నీళ్లూ దొరకనప్పుడు అది మంచి తోడు. కానీ 60 శాతమైనా ఆల్కహాల్ ఉన్నది కొను, రెండు చేతులూ తడిసేలా వేసుకుని ఆరిపోయేదాకా రుద్దు. చేతికి మురికి కనిపిస్తుంటే అది సరిగ్గా పనిచేయదు. ఇందాక చెప్పిన నోరోవైరస్ మీద కూడా దానికి పెద్దగా పట్టు లేదు. సబ్బు అయితే నురగతో దాన్ని చర్మం మీద నుంచి ఊడదీస్తుంది, నీళ్లు కొట్టుకుపోయేలా చేస్తాయి. కాబట్టి శానిటైజర్ వాడినా, నీళ్లు దొరగ్గానే సబ్బుతో కడుక్కున్నాకే ఏదైనా తిను. ఇంకొక సంగతి. గోడకి తగిలించిన సబ్బు డబ్బాల్లో కడగకుండా పైపైన ద్రవం నింపేస్తూ పోతే ఆ సబ్బులోనే బ్యాక్టీరియా పెరుగుతుంది. జిగట కట్టి వాసన వస్తున్న డబ్బాని వదిలెయ్, నీ దగ్గరున్న పేపర్ సోప్ వాడుకో.

లోపలికి వెళ్లే ముందే ఫోన్ బ్యాగులో పెట్టు. చేతులు ఎంత బాగా కడిగినా, లోపల పట్టుకున్న ఫోన్ బయటికొచ్చాక మళ్లీ పట్టుకుంటావు, చెంపకి ఆనించుకుంటావు. బ్యాగు నేల మీద పెట్టకు. కొక్కెం లేకపోతే మెడలోనే వేలాడనివ్వు. అందుకే ప్రయాణానికి పొడుగు పట్టీ ఉన్న బ్యాగు మంచిది. పని అయ్యాక మూత ఉంటే మూసి ఫ్లష్ చెయ్. 2022లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ఇంజనీర్లు మూతలేని కమోడ్ మీద లేజర్ కాంతి వేసి చూశారు. ఫ్లష్ నొక్కిన 8 సెకన్లలో కంటికి కనపడని తుంపరలు మీటరున్నర ఎత్తుకి లేచాయి. మూత మూసినా సందుల్లోంచి కొంత బయటికి వస్తుంది, అయినా పెద్ద చుక్కలు ఆగుతాయి. దీనికి హడలిపోనక్కర్లేదు. నొక్కి, అక్కడే నిలబడి బట్టలు సర్దుకోకుండా బయటికి వచ్చేయ్, అంతే.

కడుక్కునేటప్పుడైనా, తుడుచుకునేటప్పుడైనా ముందు నుంచి వెనక్కే. పేగుల క్రిమి మూత్రనాళం వైపు రాకుండా ఆపడానికి ఇది సులువైన ఉపాయం. నీళ్ల పైపు ఉంటే ముందు రెండు క్షణాలు కమోడ్‌లోకి వదిలి, ఆ తర్వాత ఒంటికి తగలకుండా పట్టుకుని వాడు, ధార మెల్లగా ఉండాలి. తర్వాత టిష్యూతో అద్దుకుని తడి లేకుండా చూసుకో. తడి లోదుస్తుల్లో రోజంతా తిరిగితే ఒరుపులు, ఫంగస్ వస్తాయి. కాటన్‌వి వేసుకో. లోపల శుభ్రం చేస్తామంటూ సువాసనల లిక్విడ్లు అమ్ముతారు. వాటి జోలికి వెళ్లకు. యోని తనను తాను శుభ్రం చేసుకుంటుంది, అక్కడుండే మంచి బ్యాక్టీరియాను ఆ లిక్విడ్లు దెబ్బతీస్తాయి.

నెలసరి రోజుల్లో నీకు టెన్షన్ ఎక్కువని తెలుసు. అప్పుడు చేతులు కడగాల్సింది తర్వాతే కాదు, ముందు కూడా. ప్యాడ్ నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చు, బాత్రూమ్ బాగా లేదని ఒకే దాంతో రోజు గడిపెయ్యకు. లోపల పెట్టుకునే టాంపాన్ వాడితే 8 గంటలు దాటనివ్వకూడదు, ఈ గడువు మాత్రం ఎప్పుడూ సడలించకు. మెన్‌స్ట్రువల్ కప్పు (లోపల పెట్టుకునే మెత్తటి చిన్న గిన్నె) అలవాటు చేసుకుంటే 12 గంటల దాకా ఉంచుకోవచ్చు, అంటే పొద్దున పెట్టుకుని రాత్రి గదిలోనే మార్చుకోవచ్చు. ప్రయాణాల్లో ఉండేవాళ్లకి అది ఎంత సుఖమో చెప్పలేను. ఇంట్లో ఉన్న నెలలో మొదలుపెట్టి అలవాటయ్యాకే దారిలో వాడు. వాడిన ప్యాడ్ కాగితంలో చుట్టి చెత్తబుట్టలోనే వెయ్యి. బుట్ట లేకపోతే ఒక కవర్‌లో కట్టి బ్యాగులో పెట్టుకో. ప్యాడ్లూ, తడి వైప్స్ కూడా ఫ్లష్ చేస్తే గొట్టాలు మూసుకుపోతాయి. వాటిని చేతులు పెట్టి తీసేది అక్కడ పనిచేసే మనిషి. ఆవిడ ఎదురైతే పలకరించు, గడియ విరిగినా నీళ్లు రాకపోయినా చెప్పు. చెప్పేవాళ్లు లేకే చాలా చోట్ల అవి అలా పడి ఉంటాయి.

ఒక చిన్న జిప్ సంచి ఎప్పుడూ బ్యాగులో ఉండనీ. టిష్యూలు, పేపర్ సోప్, శానిటైజర్, రెండు ప్యాడ్లు, చేతి రుమాలు, మడిచిన కవర్లు, మార్చుకోవడానికి ఒక జత లోదుస్తులు. లోపల నీళ్లు ఉండవని అనుమానంగా ఉంటే ఖాళీ సీసా ఒకటి నింపుకుని వెళ్లు, అది తాగే సీసా కాకుండా చూసుకో.

ఇవన్నీ పాటించినా ఎప్పుడైనా మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించి కొంచెమే రావడం, పొత్తికడుపులో నొప్పి ఉంటే డాక్టర్‌కి చూపించు. మూత్ర పరీక్ష చేస్తారు, చాలామందికి కొద్ది రోజుల మందులతో పోతుంది. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు నీ అంతట నువ్వు వేసుకోకు, ఇచ్చిన కోర్సు మధ్యలో ఆపకు. చలిజ్వరం, వాంతులు, నడుముకి ఒక పక్క పైభాగంలో నొప్పి, లేదా మూత్రంలో రక్తం కనిపిస్తే మాత్రం మర్నాటి దాకా ఆగొద్దు. ఇన్ఫెక్షన్ కిడ్నీల దాకా వెళ్లి ఉండొచ్చు. ఉన్న ఊళ్లోనే, ఉన్న పని వదిలేసి ఆసుపత్రికి వెళ్లు. వెళ్తూ వెళ్తూ నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే.

ప్రేమతో,
మీ పెద్దమ్మ