అమరావతి శిల్పాల్లో ఆ ఖాళీ సింహాసనం ఎవరిది?

చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో అమరావతి బౌద్ధ స్తూపం పలకలు చూశానని, జనమంతా ఖాళీ సింహాసనానికి మొక్కుతున్నారని, బుద్ధుణ్ణి ఎవరైనా పగలగొట్టారా అని అడిగారు. మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. అనుకుని ఊరుకోక, మా అమ్మమ్మకు ఘనంగా వివరించాను కూడా.

ఆవిడది గుంటూరు దగ్గరి పల్లె. కళ్లజోడు సవరించుకుని చూసి, "విరిగితే గాటు ఉండాలి కదరా. దిండు కూడా నలగకుండా చెక్కాడు" అంది. నిజమే. ఆసనం మీద దిండు, వెనక బోధివృక్షం, కింద చక్రాల గుర్తులున్న రెండు పాదాలు. అన్నీ ఉన్నాయి, మనిషే లేడు. "గుళ్లో శఠగోపం తల మీద పెడితే స్వామి ఎక్కడని అడుగుతామా? అవీ పాదాలే" అని తేల్చేసింది.

తొలినాటి బౌద్ధ శిల్పులు బుద్ధుణ్ణి గుర్తులతోనే చూపేవారు. చెట్టు జ్ఞానోదయం, చక్రం సారనాథ్‌లో తొలి ఉపదేశం, స్తూపం మహాపరినిర్వాణం, అంటే బుద్ధుడి మరణం. సాంచీ తూర్పు తోరణం మీద ఇల్లు విడిచే ఘట్టంలో గుర్రం వీపు ఖాళీగా ఉంటుంది, పైన గొడుగు మాత్రం పట్టి ఉంటారు. తిరుగు ప్రయాణంలో ఆ గొడుగూ ఉండదు. ఇవి బుద్ధుడికి బదులు గుర్తులు కావని, భక్తులు పుణ్యస్థలాలను కొలిచే దృశ్యాలని వాదించే పండితులూ ఉన్నారు. కొన్ని పలకలకు ఆ మాట సరిపోతుంది కానీ, సవారీ లేని గుర్రానికి గొడుగెందుకో నాకు అంతుపట్టదు.

అయితే అమరావతి శిల్పాల్లో బుద్ధుడు అసలు కనిపించడనుకోకండి. తరువాతి దశలో మనిషి రూపమూ వచ్చింది, గుర్తులూ కొనసాగాయి. ఆ ఎగ్మూరు మ్యూజియంలోనే నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి పలక ఉంది, తప్పక చూడండి. ఒకే వలయంలో ఏనుగు రెండుసార్లు వస్తుంది. ఎడమవైపు మదమెక్కి మనుషుల్ని తొక్కుతోంది, కుడివైపు బుద్ధుడి ముందు మోకరిల్లింది. పల్నాటి సున్నపురాయి కాబట్టి ఆ సన్నటి నడుములు, మెలికలు అంత నాజూకుగా వచ్చాయి.

బయటికి వస్తూ పూర్ణకుంభం చెక్కిన రాయి దగ్గర అమ్మమ్మ మళ్లీ ఆగింది. ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటం అమరావతిదేనని చెప్పబోయాను. "తెలుసులే, కుంభంలో తామరలు చూడు" అంది.