శుక్రుడి మీద సాలెగూడు లాంటి గీతలు: లెన్స్ తప్పు కాదు

టెలిస్కోప్‌లో శుక్రుడి మీద సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తున్నాయి, లెన్స్ తప్పా అని అడిగారు. ఆ గీతలు చాలా వరకు మీ కంటిలోవే. 70 ఎంఎం (ముందు లెన్స్ వెడల్పు) టెలిస్కోప్‌లో 300 రెట్లు పెద్దదిగా చూశానన్నారు కదా, అప్పుడు ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) నుంచి కంట్లోకి వచ్చే కాంతి కిరణం మందం 70ని 300తో భాగిస్తే వచ్చేంత, అంటే దాదాపు 0.23 మిల్లీమీటర్లే. అంత సన్నటి కాంతిలో రెటీనా (కంటి లోపలి వెనుక పొర) మీది రక్తనాళాల నీడలు మనకే కనిపిస్తాయి.

అమెరికా ఖగోళ శాస్త్రవేత్త పర్సివల్ లోవెల్‌కీ ఇదే జరిగిందని చాలామంది నమ్మకం. 1896లో 24 అంగుళాల టెలిస్కోప్ ముందు భాగంలో కాంతి వచ్చే దారిని బాగా కుదించి చూసి, శుక్రుడి మీద చక్రం ఆకుల్లాంటి గీతలున్నాయని పటాలు గీశాడు. కానీ శుక్రుడి మీద మనకు కనిపించేది మేఘాలే, నేల కాదు.

ఇలా చేయండి:

1. ముందు ఐపీస్‌ను దాని గొట్టంలోనే తిప్పండి. గీతలూ తిరిగితే ఐపీస్ మీద దుమ్ము, మన విశాఖ సముద్రపు గాలికి పట్టిన తేమ కూడా కావచ్చు.
2. అందరూ వదిలేసేది ఇదే: టెలిస్కోప్‌ను ముట్టుకోకుండా తల మాత్రం పక్కకి వంచండి. తలతో పాటు గీతలూ వంగితే అవి కంటివే, అనుమానం అక్కర్లేదు. రెండో కంటితో చూస్తే ఆకారం మారిపోతుంది కూడా.
3. 300 రెట్లు వదిలి, 70-100 రెట్ల మధ్యకు తగ్గించండి. శుక్రుడు సింహాచలం కొండల వైపు దిగిపోకముందే, ఇంకా వెలుతురుండగా చూడండి.

దయచేసి లెన్స్ మాత్రం విప్పకండి.