జడ్చర్లలో గానుగ పెట్టిన బిడ్డకు, అమ్మకం ఉత్తరం గురించి

బిడ్డా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన కాగితం రాత్రి రెండుసార్లు చదివాను. రాత ముద్దుగా ఉంది, తప్పులు లేవు, కానీ అది చదివి ఎవరూ నూనె కొనరు. బాధపడకు, ఎందుకు కొనరో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను. "నాణ్యతకు మారుపేరు, ఒక్కసారి వాడితే మళ్లీ వదలరు" అని మొదలుపెట్టావు. ఆ కాగితంలో పల్లి నూనె కొట్టేసి నెయ్యి అని రాసినా, తేనె అని రాసినా అట్లాగే నడుస్తుంది. నీ గానుగ గురించి అందులో ఏముంది? చివర్లో ఫోన్ నంబర్ పైన చిన్న అక్షరాలతో "లీటరుకు 2.5 కిలోల పల్లీలు పడతాయి" అని రాశావు చూడు, అదే నీ ఉత్తరం. మిగతాదంతా తీసేసి అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

దేవరకొండలో మోటార్ వైండింగ్ షాపు, అంటే కాలిన మోటార్లకు కొత్త తీగ చుట్టే షాపు, పెట్టిన కొత్తలో నేనూ ఇదే తప్పు చేశాను. ఆ రోజుల్లో లో వోల్టేజీకి ఎండాకాలం బోరు మోటార్లు వరసగా కాలిపోయేవి, పని దండిగా ఉండేది, నా షాపుకు మాత్రం వచ్చేది కాదు. వంద పోస్టుకార్డులు కొని "అన్ని రకాల మోటార్లు నాణ్యంగా, సరసమైన ధరలకు రిపేరు చేయబడును" అని ఊరూరికీ రాసి పంపాను. నెల రోజుల్లో ఇద్దరు వచ్చారు, ఆ ఇద్దరూ కార్డు చూసి కాదు, బస్టాండు దగ్గర బోర్డు చూసి వచ్చినవాళ్లు. అందులో ఒక పెద్దమనిషి మోటారు దించి, వైండింగ్ ఎట్లా చేస్తావని ఒక్క మాట అడగలేదు. "ఎప్పుడిస్తవ్? బత్తాయి చెట్లు ఎండుతున్నయ్" అన్నాడు. కాసేపు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి "కాలిన తీగ నాకిస్తవా, నువ్వే ఉంచుకుంటవా" అన్నాడు. మోటార్లో ఉండేది రాగి తీగ, కాలినా తూకానికి పైసలొస్తాయి, ఆ పైసలు షాపువాడు మింగుతాడేమో అని ప్రతి రైతుకూ లోపల అనుమానం, కానీ ముఖం మీద అడగలేక ఊరుకుంటాడు.

ఆ రాత్రే కార్డు మళ్లీ రాశాను. "పొద్దున పదిలోపు మోటారు తెస్తే మర్నాడు సాయంత్రం ఇస్తాను. కాలిన రాగి మీ ముందే తూకం వేసి, ఆ పైసలు బిల్లులో తగ్గిస్తాను." అంతే. ఈసారి వంద కార్డులు రాయలేదు, లైన్‌మన్లను అడిగి ఏ ఊర్లో ఎవరికి బోరుందో తెలుసుకుని ముప్పై మందికి, ఒక్కొక్కరి పేరు పెట్టి రాశాను. ఆ ఎండాకాలం షాపు ముందు మోటార్లు పెట్టడానికి జాగా చాలలేదు.

కాబట్టి రాసే ముందు నువ్వు చేయాల్సింది ఒకటే, నీ దగ్గరికి వచ్చినవాళ్లు ఏం అడిగారో, అడగాలనుకుని ఏం మింగేశారో గుర్తు తెచ్చుకోవడం. నీ నూనెకైతే నాకు తెలిసి నాలుగు ప్రశ్నలుంటాయి. ప్యాకెట్ నూనె కన్నా ఇంత ధర ఎందుకు, అడుగున మడ్డి ఎందుకు పేరుకుంటుంది, ఎన్ని నెలలు ఆగుతుంది, వేరే నూనె ఏమన్నా కలిపావా. నాలుగోది నీ ముఖం మీద ఎవరూ అడగరు, కానీ సీసా ఎత్తి వెలుతురులో చూసే ప్రతి మనిషి మనసులో ఉండేది అదే.

ఇప్పుడు ఒక్క మనిషిని ముందు కూర్చోబెట్టుకో. మీ గల్లీలో రిటైరైన టీచరమ్మ ఉంది కదా, ఆమెకే రాస్తున్నానని అనుకో. నేనైతే ఇట్లా రాస్తాను:

"టీచరమ్మా, ప్యాకెట్ నూనె కన్నా మా పల్లి నూనె ధర దాదాపు రెట్టింపు. ఎందుకో లెక్క చెబుతాను. లీటరు నూనెకు 2.5 కిలోల పల్లీలు పడతాయి, కాయ లెక్కన అయితే మూడున్నర కిలోల దాకా. కాయ బాదేపల్లి మార్కెట్ యార్డులో నేనే చూసి కొన్నాను. శనివారం పొద్దున ఏడు నుంచి పదకొండు దాకా గానుగ నడుస్తుంది, వచ్చి దగ్గరుండి చూడండి, మీ పల్లీలు తెచ్చుకున్నా ఆడించి ఇస్తాను. సీసా అడుగున కొంచెం మడ్డి ఉంటుంది, అది పల్లి పిండే, పైనూనె వంచుకుని వాడండి. ఈసారి తొక్కులకు ఎన్ని లీటర్లు కావాలో శుక్రవారం లోపు చెబితే ఆదివారం ఇంటికి తెచ్చిస్తాను."

చూడు, ధర ఎక్కువని మనమే ముందు చెప్పేశాం. దాచిపెడితే ఆమె ఫోన్ చేసి, ధర విని, "సరే చెప్తా" అని పెట్టేస్తుంది. కలిపావా అన్న ప్రశ్నకు "నూటికి నూరు శాతం స్వచ్ఛం" అని రాయలేదు, గానుగ దగ్గరికి రమ్మన్నాం. వచ్చేది పదిమందిలో ఇద్దరే అయినా, రమ్మన్నావని మిగతా ఎనిమిది మందీ నమ్ముతారు. చివర్లో అడిగింది కూడా ఒక్కటే, ఎన్ని లీటర్లు, ఎప్పటిలోపు. నీ కాగితంలో ఫోన్ చేయమన్నావు, షాపుకు రమ్మన్నావు, గ్రూపులో చేరమన్నావు, నలుగురికీ పంపమన్నావు. అన్ని పనులు చెబితే మనిషి ఏదీ చేయడు.

ఒక విషయం మాత్రం గట్టిగానే చెబుతున్నాను. "షుగర్, గుండెజబ్బు దరిచేరవు" అన్న లైను ఈరోజే తీసెయ్. అది నీకు తెలిసిన నిజం కాదు, ఎవరో పంపితే కాపీ చేశావు. తిండి పదార్థం గురించి జనాన్ని తప్పుదోవ పట్టించే ప్రకటన చేస్తే 2006 ఆహార భద్రత చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా పడవచ్చు. జరిమానా సంగతి అటుంచు, గుండె ఆపరేషన్ అయిన ముసలాయన నీ మాట నమ్మి డాక్టర్ చెప్పింది పక్కన పెడితే ఏం చేస్తావు? "కొలెస్ట్రాల్ లేని నూనె" అన్నదీ వద్దు. గింజల నుంచి తీసే ఏ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, నీది ఒక్కటే గొప్ప అన్నట్టు రాయడం మోసం కిందికే వస్తుంది. దాని బదులు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చిన 14 అంకెల నంబరు, గానుగ ఆడిన తేదీ రాయి. తేదీ చూసి కొనే ఆడవాళ్లు చాలామంది.

ఎప్పుడు పంపాలన్నది ఎట్లా రాయాలన్నంత ముఖ్యం. మామిడికాయ తొక్కులు పెట్టేది ఏప్రిల్, మే నెలల్లో, కానీ నూనె ఎక్కడ కొనాలో అంతకు ముందే అనుకుంటారు, అందుకే మార్చి ఆఖరుకు నీ ఉత్తరం వాళ్ల చేతిలో ఉండాలి. సంక్రాంతి అప్పాలకైతే డిసెంబర్ చివరి వారం. యాసంగి పల్లి కొత్తకాయ యార్డుకు వచ్చినప్పుడు "కొత్త పల్లి నూనె" అని రెండే లైన్లు పంపు, అది అమ్మకం ఉత్తరంలా కూడా ఉండదు, కబురులా ఉంటుంది. ఇక రోజూ శుభోదయం బొమ్మలు పంపడం ఆపెయ్, అవి చూసీ చూసీ నీ పేరు కనపడితేనే జనం పక్కకు తోసేస్తారు.

వాట్సాప్‌లో ఒకే మెసేజ్‌ను అందరికీ విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ నీ నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది అందుతుంది. చాలామందికి ఇది తెలియక, పంపాం కదా, జవాబు లేదేంటని టెన్షన్ పడతారు. అందుకే సీసా చేతికిచ్చేటప్పుడే "నా నంబరు సేవ్ చేసుకోండి అక్కా" అని అక్కడే చేయించు. ఫోన్ తెరవకముందే కనపడేది మొదటి లైనే, అందులో "గౌరవనీయులైన వినియోగదారులకు" అని రాస్తే ఆ జాగా ఉత్తగా పోతుంది.

మిఠాయి షాపులకు, మెస్సులకు ఈ ఉత్తరం పనికిరాదు. వాళ్లకు మడ్డి, తొక్కుల మాటలు వద్దు, 15 కిలోల డబ్బా ఎంత, అప్పు ఎన్ని రోజులు, ఫోన్ చేస్తే ఎప్పుడు తెస్తావు, ఇంతే కావాలి. నాలుగు లైన్లు రాసి, ఒక లీటరు ఊరికే ఇచ్చి, మూడు రోజులాగి గిరాకీ లేని వేళ చూసి స్వయంగా వెళ్లు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకైతే ఆర్టీసీ కార్గోలో వేస్తానని, దారిలో సీసా కారితే మళ్లీ పంపుతానని రాయి, వాళ్ల భయం అదే.

మళ్లీ పంపుతానని రాస్తే మాత్రం పంపాలి. నా కార్డులో "మర్నాడు సాయంత్రం" అని రాశాను కదా, ఒకసారి రాగి తీగ రావాల్సిన రోజున రాలేదు, ఒకాయన మోటారు మూడు రోజులు ఆగింది. రోజూ పొద్దున్నే వచ్చి షాపు మెట్ల మీద కూర్చునేవాడు, తిట్టలేదు, నా కార్డు మాత్రం జేబులోంచి తీసి చేతిలో పట్టుకునేవాడు. ఆయన తోట ఎంత ఎండిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది, ఆయన మళ్లీ నా షాపు మెట్లెక్కలేదు. తీగ చేతిలో ఉన్నన్ని మోటార్లే తీసుకోవాలని అప్పుడు నేర్చుకున్నాను. నీకు వారానికి ఎన్ని లీటర్లు ఆడతాయో చూసుకుని, దానికి తగ్గట్టే ఎంతమందికి పంపాలో లెక్క పెట్టుకో.

కొత్తది రాశాక మీ అమ్మకు గట్టిగా చదివి వినిపించు, ఆమె ఎక్కడ "అంటే?" అని అడిగితే అక్కడ మాట మార్చు. ముందు ఇరవై మందికే పంపి, ఎవరు ఏం జవాబిచ్చారో వాళ్ల మాటల్లోనే నోట్‌బుక్‌లో రాసిపెట్టు. బుధవారం రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, నోట్‌బుక్ దగ్గర పెట్టుకో.

మీ పెద్దనాన్న
దేవరకొండ