ఒక్క ఆక్సిజన్ ఎక్కువైతే ఆర్‌ఎన్‌ఏ అంత త్వరగా ఎందుకు పాడవుతుంది?

డీఎన్‌ఏలో థైమిన్, ఆర్‌ఎన్‌ఏలో దాని బదులు యురాసిల్ అనే బేస్ (జన్యు అక్షరం) ఉంటుందన్న తేడా తెలిసిందే కానీ, చక్కెరలో ఒక్క ఆక్సిజన్ ఎక్కువైనంత మాత్రాన ఆర్‌ఎన్‌ఏ ఎందుకు నిలవదు అని అడిగారు. ల్యాబులో డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ రెండింటితోనూ పనిచేసినవాడిగా నా అభిప్రాయం: అసలు తేడా ఆ ఆక్సిజన్‌దే, థైమిన్ సంగతి తర్వాత.

ఆర్‌ఎన్‌ఏలోని చక్కెర రైబోజ్‌లో రెండో కార్బన్‌కి హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన) గ్రూపు ఉంటుంది. డీఎన్‌ఏలోని చక్కెర డీఆక్సీరైబోజ్‌లో అక్కడ ఉత్త హైడ్రోజనే. గొలుసును కలిపే ఫాస్ఫేట్ ఆ పక్కనే, మూడో కార్బన్ మీద ఉంటుంది. క్షారం తగిలితే హైడ్రాక్సిల్ తన ప్రోటాన్‌ను వదిలేస్తుంది. మిగిలిన ఆక్సిజన్ పక్కనున్న ఫాస్ఫరస్ మీద పడుతుంది, గొలుసు అక్కడే తెగుతుంది. అంటే ఆర్‌ఎన్‌ఏ ఇంటిదొంగను పక్కనే పెట్టుకుని తిరుగుతుందన్నమాట.

దీన్ని మేం పనికి వాడుకునేవాళ్లం. ఆర్‌ఎన్‌ఏ నుంచి సీడీఎన్‌ఏ (దాన్ని చూసి తయారుచేసే డీఎన్‌ఏ నకలు) తయారయ్యాక ట్యూబులో సోడియం హైడ్రాక్సైడ్ వేసి, 65 డిగ్రీల దగ్గర కాసేపు ఉంచేవాళ్లం. పైకి చూస్తే ఏమీ మారదు. లోపల ఆర్‌ఎన్‌ఏ మాత్రం ముక్కలైపోతుంది, సీడీఎన్‌ఏ చెక్కుచెదరదు. ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద మనిషి కణాల ఆర్‌ఎన్‌ఏ బాగుంటే 28ఎస్, 18ఎస్ (రైబోజోముల్లోని రెండు పెద్ద ఆర్‌ఎన్‌ఏలు) బ్యాండ్లు రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. క్షారంలో నానినదైతే అడుగున మసక మరకే మిగులుతుంది.

రోజువారీ టెన్షన్ మాత్రం ఆర్‌ఎన్‌ఏని కోసే ఆర్‌ఎన్‌ఏస్ ఎంజైములతోనే. ఆర్‌ఎన్‌ఏస్ ఏ కూడా ఆ రెండో కార్బన్ ఆక్సిజన్‌నే వాడుకుని గొలుసు కోస్తుంది. దానికి లోహ అయాన్ల అవసరం లేదు, మరిగించినా చల్లారాక మళ్లీ పనిలోకి దిగుతుంది. డీఎన్‌ఏని కోసే డీఎన్‌ఏస్ 1 అలా కాదు, లోహ అయాన్లను పట్టేసే ఈడీటీఏ వేస్తే ఆగిపోతుంది.

ఇక థైమిన్ అంటే మిథైల్ గ్రూపు తగిలించిన యురాసిలే. రెండూ అడినిన్ అనే బేస్‌తోనే జత కడతాయి. సైటోసిన్ అనే మరో బేస్ అప్పుడప్పుడు అమైనో గ్రూపు పోగొట్టుకుని యురాసిల్‌గా మారుతుంది. డీఎన్‌ఏలో యురాసిల్ ఉండకూడదు కాబట్టి కణం దాన్ని సులువుగా పట్టుకుని తీసేస్తుంది. డీఎన్‌ఏకి థైమిన్, ఆర్‌ఎన్‌ఏకి యురాసిల్ అన్నది పరీక్షల్లో రాసేంత ఖచ్చితమైన నియమం కాదులెండి: ప్రోటీన్ తయారీకి అమైనో ఆమ్లాలను మోసే టీఆర్‌ఎన్‌ఏలో థైమిన్ కనిపిస్తుంది, పీబీఎస్1 అనే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) డీఎన్‌ఏలో యురాసిలే ఉంటుంది.

డీఎన్‌ఏ ఎప్పుడూ గట్టిదే అనుకోకండి. ఆమ్లంలో దానికే కష్టం, అడినిన్, గ్వానిన్ అనే బేస్‌లు ఊడిపోతాయి. అందుకే డీఎన్‌ఏని సాధారణంగా కాస్త క్షారం వైపుండే పీహెచ్ 8 బఫర్‌లో దాస్తారు, ఆర్‌ఎన్‌ఏకి కాస్త ఆమ్లం వైపుండే పీహెచ్ 6.4 సిట్రేట్ బఫర్ నయం.