సర్క్యూట్ బోర్డుల పనిలో తేమ, స్టాటిక్, పొగ: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: బోరు మోటార్ల స్టార్టర్లలో వాడే కంట్రోల్ బోర్డులను మా చిన్న యూనిట్‌లో తయారు చేస్తున్నాము. మా దగ్గర పరీక్షలో చక్కగా పనిచేసిన బోర్డులలో కొన్ని రెండు మూడు నెలలకే రైతుల దగ్గర నుంచి తిరిగి వస్తున్నాయి. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువ కనుక స్టాటిక్ (స్థిర విద్యుత్తు) బెడద ఉండదని, దాన్ని ఒంటి మీద నుంచి ఎర్తుకు పంపే మణికట్టు పట్టీ, అదే రిస్ట్ స్ట్రాప్, అవసరం లేదని తెలిసినవారొకరు చెప్పారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, ఆటోనగర్, విజయవాడ

సమాధానం: గాలిలో తేమ ఉంటే స్థిర విద్యుత్తు తక్కువగా పోగుపడే మాట నిజమే కానీ, అసలు పోగుపడదనుకోవడం పొరపాటు. పైగా ఏసీ నడిచే గదిలోని గాలి బయటి గాలికంటే పొడిగా ఉండవచ్చు. వేలికి చురుక్కుమని తెలియాలంటే సుమారు 3 వేల వోల్టులు ఉండాలి. సున్నితమైన ఐసీలు (బోర్డు మీది చిప్‌లు) మాత్రం 100, 200 వోల్టులకే దెబ్బతింటాయి. అంటే మనకు ఏమీ తెలియకుండానే ఐసీ పాడైపోతుంది. దెబ్బతిన్న ఐసీ వెంటనే చచ్చిపోతే పరీక్షలోనే దొరికిపోయేది. లోపలి సన్నని పొర సగం చెడి, పరీక్షలో పాసై, పొలంలో ఎండకూ కరెంటు ఒడుదొడుకులకూ తట్టుకోలేక ఆగిపోయే ఐసీలతోనే అసలు నష్టం. అయితే మీ బోర్డులన్నీ స్టాటిక్ వల్లే పోతున్నాయని నేను అనను. తిరిగి వచ్చిన ప్రతి బోర్డులో పోయింది ఐసీయా, కరెంటు వచ్చే వైపు వేరిస్టరా (వోల్టేజి హఠాత్తుగా పెరిగితే అడ్డుకునే భాగం) అన్నది ఒక పుస్తకంలో రాయించండి. వేరిస్టర్లు కాలుతుంటే లోపం లైన్ సర్జ్‌ల (కరెంటు లైనులో హఠాత్తుగా పెరిగే వోల్టేజి) దగ్గర వెతకాలి.

రిస్ట్ స్ట్రాప్ తప్పనిసరి. దాని తీగలో 1 మెగా ఓమ్ రెసిస్టర్ ఉంటుంది. పొరపాటున చెయ్యి 230 వోల్టుల తీగకు తగిలినా ఆ దారిలో శరీరం గుండా పోయే కరెంటు పావు మిల్లీ ఆంపియర్‌కు లోపే ఉంటుంది. కాబట్టి ఆ రెసిస్టర్‌ను తీసేసి మామూలు తీగతో చేతిని ఎర్తుకు కలపడం ప్రాణాంతకం. మెయిన్స్ కరెంటు ఉన్న బోర్డును పరీక్షించేటప్పుడు స్ట్రాప్ తీసివేయాలి. పట్టీ గాజుల మీదా జాకెట్టు చేతి మీదా కాక చర్మానికి ఆనుకుని బిగుతుగా ఉండాలి, పని మొదలుపెట్టే ముందు రోజూ టెస్టర్‌తో చూసుకోవాలి. పాలిస్టర్ చీర కొంగు బోర్డుకు రాసుకోకుండా పైన ఈఎస్‌డీ కోటు (స్టాటిక్ పోగుపడనివ్వని కోటు) వేయించండి. థర్మోకోల్, ప్లాస్టిక్ కవర్లు, టీ కప్పులు బోర్డులకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి. బల్ల మీద పరిచే స్టాటిక్ మ్యాట్, స్ట్రాప్ రెండూ కలిసేది బిల్డింగ్ ఎర్తుకే కనుక, రోహిణి కార్తెలో ఎర్తు గొయ్యి ఎండిపోకుండా నీళ్లు పోయించి, ఎలక్ట్రీషియన్‌తో కొలిపించండి.

ఇక తేమ సంగతి. దాన్ని మీరు రక్షణగా చూస్తున్నారు, నాకైతే అది రెండో ముద్దాయిలా కనిపిస్తోంది. ఐసీల ప్లాస్టిక్ ఒళ్లు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సోల్డర్‌ను కరిగించి ఐసీలను బోర్డుకు అతికించే రీఫ్లో ఓవెన్‌లో వేడి 240 డిగ్రీలకు చేరేసరికి ఆ తేమ ఆవిరై, మొక్కజొన్న గింజ పేలినట్టు లోపలి పొరలను విడదీస్తుంది. పైకి పగులు కనిపించకపోవచ్చు. ఐసీల కవరు మీద ఎంఎస్‌ఎల్ 3 (తేమకు ఎంత సున్నితమో చెప్పే స్థాయి) అని ఉంటే, విప్పిన తరువాత 168 గంటలలోపు అతికించాలి. అదీ 30 డిగ్రీలు, 60 శాతం తేమ దాటని గదిలో. వానాకాలంలో మన ఊళ్లో ఆ 60 శాతం తేలిగ్గా దాటుతుంది కనుక గడువు ఇంకా తగ్గుతుంది. కవరు విప్పిన తేదీ, గంట దాని మీదే రాయించండి. మిగిలినవి సిలికా జెల్‌తో తేమ చొరబడని కవరులోనో డ్రై క్యాబినెట్‌లోనో ఉంచండి. గడువు దాటినవాటిని బేక్ చేయవచ్చు, అంటే వేడిలో ఉంచి తేమ పోగొట్టవచ్చు. కానీ ఐసీలు చుట్టి వచ్చే మామూలు ప్లాస్టిక్ రీళ్లు 125 డిగ్రీలకు కరిగి వంకరపోతాయి, వాటికి తక్కువ వేడిలో ఎక్కువ రోజులు పడుతుంది. సోల్డర్ పేస్ట్ (ఐసీలను అతికించే లోహపు ముద్ద) డబ్బాను ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే మూత తెరవకండి. నాలుగు గంటలు అలాగే ఉంచకపోతే పేస్ట్ మీద నీటి చెమ్మ చేరి, ఓవెన్‌లో చిన్న చిన్న సోల్డర్ గుళ్లు చిమ్ముతాయి.

ప్రశ్న: మా అమ్మాయి బోర్డుల రిపేరు పనిలో చేరింది. రోజంతా సోల్డరింగ్ పొగలో ఉంటుంది. సీసం ఒంట్లోకి పోతుందని భయంగా ఉంది. సీసం లేని సోల్డర్ వాడితే సరిపోతుందా?
– ఒక తల్లి, అరండల్‌పేట, గుంటూరు

సమాధానం: మీ భయం సబబే కానీ, అమ్మా, సీసం దారి వేరు. సోల్డరింగ్ ఐరన్ వేడి 350 డిగ్రీల దాకా ఉంటుంది. ఆ వేడికి సీసం చెప్పుకోదగినంత ఆవిరి కాదు. అది వేళ్లకు అంటి, టిఫిన్ ద్వారా నోట్లోకి పోతుంది. బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు, పని ముగించగానే సబ్బుతో చేతులు శుభ్రంగా కడుక్కోవాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను ఎత్తుకునే ముందు బట్టలు మార్చుకోవాలి. అమ్మాయి గర్భవతి అయితే యజమానికి చెప్పి సీసం పని నుంచి తప్పుకోవడమే మంచిది.

పొగ ఫ్లక్స్‌ది, అంటే సోల్డర్ బాగా అతుక్కునేలా వాడే పదార్థానిది. అందులోని రోజిన్ (పైన్ చెట్టు జిగురు) కొందరికి ఉబ్బసం తెప్పిస్తుంది, ఒకసారి పడనిదైతే కొద్ది పొగకే దగ్గు మొదలవుతుంది. తల మీద ఫ్యాను చాలదు. ఐరన్ మొన పక్కనే పొగను లాగే గొట్టం ఉండాలి. సాధారణంగా వాడే సీసం లేని సోల్డర్ 217 డిగ్రీల దగ్గర గానీ కరగడం మొదలుపెట్టదు, ఐరన్‌ను ఇంకా వేడిగా ఉంచవలసి వస్తుంది, ఫ్లక్స్ పొగ తగ్గదు. అందుచేత యజమానిని మొదట అడగవలసింది ఆ గొట్టాన్నే.