ఆట మధ్యలో మందగించే ల్యాప్‌టాప్

ప్రశ్న: రెండేళ్ల కిందట కొన్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లో సెకనుకు 60 ఫ్రేములతో సాఫీగా సాగిన ఆట, నెల రోజులుగా పది నిమిషాలు గడవగానే 20కి పడిపోతోంది. గ్రాఫిక్స్ సెట్టింగులు తగ్గించినా ఫలితం లేదు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయించాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ పనికి ఇప్పుడే తొందరపడవద్దు. మొదట బాగా నడిచి, కాసేపటికి మందగిస్తోందంటే ముందుగా వేడినే అనుమానించాలి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత 95-100 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే, అది పాడవకుండా ఉండేందుకు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆట నడుస్తుండగా కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ విభాగంలో ప్రాసెసర్ వేగాన్ని గమనించండి. 3 గిగాహెర్ట్జ్ పైన ఉండవలసిన అంకె ఆట మందగించే క్షణంలోనే సగానికి దిగితే, కారణం దాదాపు తేలినట్టే.

ఫ్యాన్ గాలి బయటికి పోయే దారిలో, సన్నని లోహపు రేకుల మధ్య దుమ్ము, నూలుపోగులు కలిసి దళసరి పొరలా పేరుకుంటాయి. ల్యాప్‌టాప్‌ను ఆపి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పట్టుకొని బ్లోయర్‌తో ఊదించండి. అప్పటికీ వేడి తగ్గకపోతే, ప్రాసెసర్‌కూ దాన్ని చల్లబరిచే లోహానికీ మధ్య పూసిన థర్మల్ పేస్టు ఎండిపోయి ఉండవచ్చు, దాన్ని మార్పించండి. పరుపుపై పెట్టి ఆడే అలవాటుంటే మానుకోవాలి. కూలింగ్ ప్యాడ్ కొనడం ఆ తరువాతి మాట.

వేగం 1 గిగాహెర్ట్జ్ లోపే కదలకుండా నిలిచిపోతే మాత్రం చార్జర్‌ను చూడండి. 180 వాట్లు కోరే యంత్రానికి 65 వాట్ల చార్జర్ తగిలించినా ఇదే జరుగుతుంది.